గజ్జి కాదు, గూటి పురుగు

పొదుగుడు కోడిని గంప కింద కూర్చోబెట్టిన ఇల్లాలికి ఈ సంగతి కొత్తగా చెప్పవలసిన పని లేదు. ఇరవై ఒక్క రోజులు గడిచి పిల్లలు లేచే నాటికి ఆ గంపలోని వరిగడ్డి నిండా కంటికి ఆనీ ఆనని పురుగులు పాకుతూ వుంటాయి. చెయ్యి పెట్టిన మరుక్షణం మోచేతి దాకా ఎక్కుతాయి. ఒళ్లంతా చిమచిమలాడుతుంది. వాటిని మనం కోడిపేలు అంటాము. ఆ ఇల్లాలు గడ్డి తీసి తగలబెట్టి, గంపను ఎండలో బోర్లించి, చేతులు కడుక్కుని తన పని తాను చూసుకుంటుంది. డాక్టరు దగ్గరకు పోదు. ఎవరినీ నిందించదు.

అదే జాతి పురుగు పట్నంలో మేడ మీది గదిలోకి వచ్చినప్పుడు మాత్రం దానిని గుర్తుపట్టేవారు కరువవుతున్నారు. గజ్జి అంటారు. ఎలర్జీ అంటారు. నీళ్లు పడలేదంటారు. రక్తం చెడిందని కూడా అంటారు. ఇవేవీ కాదని తేలితే చివరికి మిగిలేది ఒక్కటే మాట: ఊరి నుంచి వచ్చినవాళ్లు అంటించారు అని. ఆ చివరి మాట మన జిల్లా బిడ్డల బతుకుతెరువు మీద దెబ్బ కొడుతున్నది. కనుక ఈ విషయం గురించి వివరంగా చెప్పుకోవలసి వున్నది.

మన పల్లెల నుంచి హైదరాబాదు వెళ్లిన కుటుంబాలలో చాలామందికి అపార్టుమెంటులో వాచ్‌మన్ కొలువే ఆధారం. భర్త గేటు కాస్తాడు. భార్య నాలుగిళ్లలో అంట్లు తోముతుంది. వారికి ఇచ్చే గది సెల్లార్‌లోనో, మెట్ల కిందనో, స్నానాల గదుల గొట్టాలు దిగే సందు పక్కనో వుంటుంది. ఆ సందును డక్టు అంటారు. గాలి, వెలుతురు కోసం వదిలిన ఆ సందులో పై నుంచి కింది దాకా పావురాలు కాపురం పెడతాయి. వాటి రెట్ట, ఈకలు, గూటి పుల్లలు, రాలిపోయిన పిల్లలు పడేది కిందనే. ఆ కింది గదిలోనే మన పిల్లలు చాప పరచుకుని పడుకుంటారు.

ఆ గదిలో దురద మొదలైందనుకుందాం. మందుల షాపులో ఒక ట్యూబు ఇస్తారు. రాస్తే తగ్గినట్టే తగ్గి వారం తిరక్కుండా మళ్లీ వస్తుంది. అంతలో పై అంతస్తులో ఒకరిద్దరికి దురద పుడుతుంది. పిల్లల చేతుల మీద దద్దుర్లు చూసిన పై ఇంటి అమ్మగారు గిన్నెలు ముట్టుకోవద్దంటుంది. నలుగురూ కలిసి గది ఖాళీ చేయమంటారు. పావురం మాత్రం డక్టులో తన గుడ్ల మీద నిశ్చింతగా కూర్చుని వుంటుంది. అసలు దోషి ఆ గూడు. శిక్ష పడేది మనిషికి.

ఏమిటీ పురుగు?

కోడిపేను నిజానికి పేను కాదు. పేనుకు ఆరు కాళ్లు. ఎదిగిన ఈ పురుగుకు ఎనిమిది. ఇది సాలెపురుగు, గోమారి వంశానికి చెందినది. మిరప తోటలో ఆకును ముడిచే నల్లి మన రైతులకు తెలుసు. అది మొక్క రసం పీల్చినట్టే ఇది పక్షి రక్తం పీలుస్తుంది. వీటిలో ముఖ్యమైనవి మూడు. మొదటిది కోళ్లను పీడించే ఎర్ర పురుగు. దాని శాస్త్రీయ నామం డెర్మనిసస్ గాలినే. రెండవది మన వంటి వేడి దేశాలలో కనిపించే ఆర్నితోనిసస్ బర్సా. ఇది కోళ్లతో పాటు పావురాలు, పిచ్చుకలు, గోరింకల గూళ్లలోనూ వుంటుంది. మూడవది ఆర్నితోనిసస్ సిల్వియారమ్. మొదటిది పగలు గూటి పగుళ్లలో దాగి రాత్రి పూట పక్షి మీదికి ఎక్కుతుంది. మూడవది దాదాపు బతుకంతా పక్షి ఒంటి మీదనే గడుపుతుంది.

ఎదిగిన పురుగు పొడవు ఒక మిల్లీమీటరుకు మించదు. ఆకలిగా వున్నప్పుడు బూడిద రంగులో వుంటుంది. రక్తం తాగితే ఎర్రబడుతుంది. తెల్ల కాగితం మీద వేసి నలిపితే ఎర్రటి చార పడుతుంది. తిండి, వెచ్చదనం కుదిరితే గుడ్డు నుంచి ఎదిగిన పురుగు కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే ఒక్క గూటిలో చూస్తుండగానే వేల సంఖ్యకు పెరుగుతాయి.

పక్షి గూటిలో వున్నంతకాలం వీటికి మనిషితో పని లేదు. పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోయినప్పుడో, ఎవరైనా పక్షిని తరిమినప్పుడో, అది చచ్చిపోయినప్పుడో చిక్కు మొదలవుతుంది. అన్నం పెట్టే పక్షి లేకపోయేసరికి ఆకలితో బయలుదేరతాయి. కిటికీ సందు, ఏసీ గొట్టం కోసం గోడకు కొట్టిన రంధ్రం, గాలి మర వాటికి దారులు. లోపల వెచ్చగా కనిపించేది పడుకున్న మనిషి. మెడ, చేతులు, నడుము, పొట్ట మీద కుడతాయి. సన్నని ఎర్ర పొక్కులు లేస్తాయి. దురద రాత్రి పూట నిద్ర పోనివ్వదు.

అయితే మనిషి వాటికి పనికివచ్చే ఆశ్రయం కాదు. చర్మంలో గూడు కట్టలేవు. మన ఒంటి మీద సంతతిని పెంచుకోలేవు. కుట్టి దిగిపోతాయి. పక్షి దొరకకపోతే బర్సా జాతిది పది రోజుల ప్రాంతంలోనే చస్తుంది. ఎర్ర పురుగు మాత్రం మొండిది. పగుళ్లలో దాగి నెలల తరబడి పస్తు వుండగలదు. ఖాళీ గూడే కదా అని ఊరుకోకూడదనడానికి ఇదే కారణం.

గజ్జికీ దీనికీ తేడా

గజ్జి కూడా ఇటువంటి చిన్న పురుగు వల్ల వచ్చేదే. 1687లో ఇటలీలో బొనోమో అనే వైద్యుడు, చెస్తోని అనే మందుల తయారీదారు సూక్ష్మదర్శినిలో చూసి గజ్జికి కారణం పురుగేనని రాశారు. రక్తదోషమని అంతకు ముందు నమ్మేవారు. మూడు వందల ఏళ్లు దాటినా ఆ పాత నమ్మకం మనలో పూర్తిగా పోలేదు.

గజ్జి పురుగు పక్షి పురుగు కంటే చిన్నది. అర మిల్లీమీటరు కూడా వుండదు. అది మనిషి చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. వేళ్ల సందులు, మణికట్టు, నడుము, చంకలు, మర్మావయవాలు దాని చోటు. ఒకరి ఒంటి నుంచి మరొకరికి అంటుతుంది. కనుక గజ్జికి ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు రాసుకోవాలి. డాక్టర్లు సాధారణంగా రాసేది అయిదు శాతం పర్మెత్రిన్ మలాము. రాత్రి మెడ నుంచి పాదాల దాకా రాసుకుని ఉదయం కడిగి, వారం తరువాత మరొకసారి రాయాలి. పసిపిల్లలకు, గర్భిణులకు డాక్టరు చెప్పినట్టే వాడాలి. గజ్జి సిగ్గుపడవలసిన జబ్బు కాదు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

పక్షి పురుగు సంగతి వేరు. ఇది మనిషి నుంచి మనిషికి గజ్జిలా అంటదు. వేళ్ల మధ్య సొరంగాలు వుండవు. ఇంట్లో ఒక గదిలో పడుకునేవారికే వచ్చి, పక్క గదిలోవారికి రాకపోవచ్చు. ఊరికి వచ్చి నాలుగు రోజులుంటే తగ్గి, తిరిగి పట్నం వెళ్లగానే మొదలవుతుంది. ఇటువంటి గుర్తులు కనిపిస్తే ముందు కిటికీ బయట చూడాలి. ఎలుకలకు కూడా ఇదే వంశపు పురుగు ఒకటి వున్నది. ఎలుకలు చచ్చినప్పుడు అదీ మనుషులను కుడుతుంది. కనుక ఎలుక బొరియలు, అటకలు కూడా వెతకాలి.

ప్రతి దురదా పక్షి పురుగేనని మా అభిప్రాయం కాదు. మంచంలో నల్లులు, తామర, చెమటకాయలు, సబ్బు పడకపోవడం కూడా దురద తెస్తాయి. మధుమేహం, కాలేయం, మూత్రపిండాల జబ్బుల వల్ల కూడా రావచ్చు. తగ్గని దురదకు డాక్టరును చూడవలసిందే. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు మా ఇంటి కిటికీలో పక్షి గూడు వున్నదని చెప్పడం మరువరాదన్నదే మా మనవి. పాకుతున్న చుక్కలాంటి పురుగు కనిపిస్తే సెల్లో టేపుకు అంటించి తీసుకువెళ్లి చూపితే ఇంకా మేలు.

పట్నంలో ఎందుకు పెరిగింది?

పావురం అడవి చెట్ల మీది పక్షి కాదు. దాని పూర్వీకులు కొండ చరియల గట్ల మీద గూడు పెట్టేవి. అంతస్తుల మేడ దాని కంటికి కొండ చరియే. ఏసీ పెట్టె వెనుక జానెడు చోటు, వాడని బాల్కనీ మూల, డక్టులోని గొట్టపు వంపు దానికి చాలు. నాలుగు పుల్లలు వేసి రెండు గుడ్లు పెడుతుంది. సుమారు పద్దెనిమిది రోజులకు పిల్లలవుతాయి. మరొక నెలకు ఎగిరిపోతాయి. తిండి దొరికితే ఏడాదిలో పలుమార్లు ఇదే వరస. కూడళ్లలో పుణ్యం కోసమని బస్తాల కొద్దీ జొన్నలు పోసేవారుండగా తిండికి కొదవ ఏమున్నది?

పక్షికి గుప్పెడు గింజలు వేయడం మన ఆచారం. దాన్ని మేము తప్పు పట్టడం లేదు. చూరుకు వరి కంకులు కట్టి పిచ్చుకలను పిలిచిన జాతి మనది. కాని ఒకచోట వేల పక్షులను పోగు చేసి, కింద కాపురమున్నవారి ఊపిరిని లెక్కచేయకపోవడం జీవకారుణ్యం అనిపించుకోదు. పావురాల రెట్ట, ఈకల ధూళి ఎక్కువ కాలం పీల్చినవారిలో కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వస్తుంది. అది పురుగు వల్ల వచ్చే దురద కంటే ప్రమాదకరమైనది. ఈ ఆరోగ్య కారణాలతోనే 2025లో మహారాష్ట్ర ప్రభుత్వం ముంబైలోని కబూతర్‌ఖానాలను మూసివేయడానికి పూనుకున్నది. దాదర్‌లో ఆందోళన జరిగింది. వ్యవహారం బొంబాయి హైకోర్టు దాకా వెళ్లింది. భక్తికీ ఆరోగ్యానికీ మధ్య ఇటువంటి తగవు మన నగరాలలో ముదరక ముందే మేలుకోవడం మంచిది.

మందు పేరిట కీడు

దురద కంటే దానికి చేసుకునే సొంత వైద్యం ఎక్కువ కీడు చేస్తున్నది. చీటీ లేకుండా షాపులో కొనే ట్యూబులు చాలావాటిలో స్టెరాయిడ్ మందు కలిసి వుంటుంది. అది దురదను అణచివేస్తుంది గాని పురుగును చంపదు, గూటిని తీయదు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. చారలు పడతాయి. తామర వున్నవారికి అది ముదిరి మొండికేస్తుంది. ఈ బెడద చూసే 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ మలాములను డాక్టరు చీటీ మీదనే అమ్మాలని నిబంధన బిగించింది. నిబంధన కాగితం మీద వున్నది. ట్యూబు మాత్రం అడిగినవారికి అడిగినట్టు దొరుకుతున్నది. ఔషధ తనిఖీ అధికారులు దీనిమీద దృష్టి పెట్టవలసి వున్నది.

మరికొందరు ఇంకా ముందుకు పోయి పొలానికి తెచ్చిన పురుగుమందును గదిలో, పరుపు మీద, కోళ్ల ఒంటి మీద కొడుతున్నారు. ఇది ప్రాణాంతకం. 2017లో యూరప్‌లో జరిగినది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. హాలెండ్, బెల్జియం దేశాల కోళ్ల ఫారాలలో ఎర్ర పురుగును చంపడానికి చేసిన చికిత్సలో ఫిప్రోనిల్ అనే మందు చట్టవిరుద్ధంగా కలిసింది. అది గుడ్లలోకి చేరింది. అనేక దేశాల దుకాణాల నుంచి లక్షల కొద్దీ గుడ్లను వెనక్కు తీసి పారవేయవలసి వచ్చింది. ఆ ఫిప్రోనిల్ మన వరి పొలాలలో కాండం తొలుచు పురుగుకు వేసే గుళికల మందే. పంటకు పనికివచ్చినది కోడికి, మనిషికి పనికిరాదు. కోళ్లకు ఏ మందు కొట్టాలో పశువుల డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

చేయవలసినది

పట్నంలో వున్నవారు మొదట గూడు ఎక్కడ వున్నదో చూడాలి. రాత్రి దీపం పట్టుకుని కిటికీ గట్టు మీద తెల్ల గుడ్డ పరచి చూస్తే పాకే చుక్కలు కనబడతాయి. గూటిలో గుడ్లు, పిల్లలు వుంటే వాటిని చంపరాదు. పక్షి వున్నంతవరకు పురుగుకు తిండి అక్కడే దొరుకుతుంది. ఈలోగా గూటి వైపు కిటికీ మూసి, సందులకు టేపు అంటించి, మంచాన్ని ఆ గోడకు దూరంగా జరపాలి. పిల్లలు ఎగిరిపోయిన రోజునే గూడు తీసేయాలి. ఆ పని ఆలస్యమైతేనే పురుగు ఇంట్లోకి దారి పడుతుంది.

గూడు తీసేవారు ముక్కుకు, నోటికి మాస్కు, చేతులకు తొడుగులు వేసుకోవాలి. ఎండిన రెట్టను చీపురుతో ఊడిస్తే ధూళి లేచి ఊపిరిలోకి పోతుంది. ముందు నీళ్లతో తడిపి, గూటిని పాలిథిన్ సంచిలో వేసి మూతి బిగించి కట్టాలి. ఆ చోటును సబ్బు నీళ్లతో కడగాలి. రంధ్రాలను సిమెంటుతో పూడ్చి, డక్టుకు వల బిగించాలి. లేకుంటే వారం తిరక్కుండా మరో జంట వచ్చి కూర్చుంటుంది. దుప్పట్లు, దిండు గలీబులు వేడి నీళ్లలో ఉతికి ఎండలో వేయాలి. ఒంటికి మామూలు స్నానం చాలు. దురద ఎక్కువగా వుంటే దానికి ఉపశమనం డాక్టరు ఇస్తాడు. గూడు పోతే మిగిలిన పురుగులు క్రమేణా అంతరిస్తాయి.

డక్టు శుభ్రం చేయించే బాధ్యత వాచ్‌మన్‌ది కాదు, ఆ భవన యజమానుల సంఘానిది. తొడుగులు, మాస్కు ఇవ్వకుండా వాచ్‌మన్‌ను సందులోకి దింపడం అన్యాయం. నెలకు ఇన్ని వేలని నిర్వహణ రుసుము వసూలు చేసే సంఘాలు అందులో కొంత వల కోసం వెచ్చించలేవా? కింది గదిలో కాపురమున్నవారూ ఆ భవనంలో మనుషులే. నగరపాలక సంస్థలు కూడా కొత్త భవనాలకు అనుమతి ఇచ్చేటప్పుడే డక్టులకు వల వుండాలని షరతు పెడితే సగం బెడద మొదట్లోనే పోతుంది.

మన వంతు

పల్లెలోనూ చేయవలసినది వున్నది. కోళ్ల గూడు పడక గోడకు ఆనించి కట్టరాదు. పొదుగు అయిపోగానే గడ్డిని కాల్చి, గంపను మరుగు నీళ్లతో కడిగి ఎండబెట్టాలి. గూటి పగుళ్లకు సున్నం పూయాలి. కోళ్లు పొర్లాడడానికి పొడి మట్టి, బూడిద అందుబాటులో వుంచాలి. వేపాకు పరచే అలవాటు మంచిదే గాని అది శుభ్రతకు బదులు కాదు. కోడి తురాయి పాలిపోయి, గుడ్లు తగ్గి, రాత్రి గూట్లోకి పోనని మారాం చేస్తే పురుగు పడిందేమోనని చూడాలి.

హాస్టళ్ల సంగతి మరీ ముఖ్యం. విరిగిన వెంటిలేటర్లలో పావురాలు, గోరింకలు గూళ్లు పెట్టిన గదులలో పిల్లలు నిద్రిస్తున్నారు. దురద అని పిల్లవాడు చెబితే గజ్జి మందు చేతిలో పెట్టి పంపివేయక, వార్డెన్ ఒకసారి తల ఎత్తి వెంటిలేటరు వైపు చూడాలి. వెంటిలేటరుకు జాలీ బిగించడానికయ్యే ఖర్చు ఎంత? అధికారులు సెలవులలోనే ఈ పని పూర్తి చేయించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్లు, ఆశా కార్యకర్తలు దురదతో వచ్చినవారిని ఇంటి దగ్గర కోళ్లున్నాయా, పక్షి గూడున్నదా అని ఒక్క ప్రశ్న అదనంగా అడగాలని మా విజ్ఞప్తి. ఆ ఒక్క ప్రశ్నకు ఖర్చు లేదు. అది నెలల బాధను తప్పించగలదు.

ఇక పాఠకులకు మా మనవి. పట్నంలోని కొడుకో కూతురో ఫోనులో దురద సంగతి చెబితే ట్యూబు పేరు చెప్పకండి. కిటికీ వెనుక, ఏసీ వెనుక, డక్టులో గూడున్నదేమో చూడమనండి. ఊరి నుంచి గజ్జి తెచ్చారని ఎవరైనా నింద వేస్తే తలవంచుకుని గది ఖాళీ చేయవద్దని, ఆ నింద వేసినవారినే తీసుకుపోయి డక్టు చూపమని చెప్పండి. కోడిగంప దగ్గర మన ఇల్లాళ్లకు తెలిసిన విషయమే ఇది. పట్నంలో నింద మోస్తున్న మన పిల్లలకు అది ఈ రోజే చేరాలి.